ఫినిషింగు చెయ్యని ఫోటో

సైన్సు మాస్టారు పోయారన్న కబురు నాకు రాజోలు బస్సు కండక్టరు తెచ్చాడు. కొత్తపేట బస్టాండులో అరటిపళ్ళ బండి దగ్గర నిలబడి ఉంటే, ఆగీ ఆగని బస్సులోంచి దిగి గబగబా నా వైపు వచ్చాడు. ఒకప్పుడు మా బడిలో చదివినవాడే. "టీచరుగారండీ, మన చీమల మాస్టారు పోయేరండి. పొద్దున్న కాఫీ తాగి వరండాలో కూర్చున్నారంటండి, ఇంక లేవలేదంటండి. వారి అమ్మాయిగారు ఎలాగైనా మీకు చెప్పమన్నారండి" అన్నాడు. చేతిలో పళ్ళు బండి మీదే పెట్టేశాను. అతనే నన్ను తిరుగు బస్సు ఎక్కించాడు.

నాకు ఏడుపు ఆలస్యంగా వస్తుంది. గన్నవరం అక్విడెక్టు దాటాక గాని రాలేదు. పక్క సీట్లో ఉన్నావిడ "ఎవరండీ పోయేరు?" అని అడిగింది. బంధువు కాదు, మా ఊరి మనిషీ కాదు. "మా స్నేహితురాలి భర్తండి" అన్నాను. అన్నాక ఆ మాట ఆయనకి ఎంత చాలదో అనిపించి ఇంకాస్త ఏడ్చాను.

ఇది చదివేవాళ్ళలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎక్కువమంది ఉండరు. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఆయన పేరు మీద భవనం లేదు, శిలాఫలకం లేదు. బిరుదు మాత్రం ఒకటుంది, చీమల మాస్టారని. అది పిల్లలిచ్చింది. ఆయనకి ఆ సంగతి తెలుసు. "సభ పెట్టి ఇచ్చేరా ఏంటండీ, పోనివ్వండి" అనేవారు.

మనిషి పొడుగు. నేల మీద ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నవాడిలా ఎప్పుడూ కొంచెం వంగి నడిచేవారు. దారిలో నత్త కనిపిస్తే తీసి గట్టుమీద పెట్టి గాని కదిలేవారు కాదు, అటు బడిలో ప్రార్థన గంట కొట్టేస్తున్నా సరే. చొక్కా జేబులో పెన్నుతోపాటు ఒక దారపుండ ఉండేది. నేను తెలుగు టీచర్ని, నాకు నోరు ఎక్కువ. "గాలిపటం ఎక్కడ మాస్టారూ?" అని రోజూ ఎగతాళి చేసేదాన్ని. "ఆయ్, ఎగిరిపోయిందండి" అని నవ్వి ఊరుకునేవారు.

డెబ్భైల మొదట్లో నన్ను ఆ బడికి బదిలీ చేశారు. ఆయన ఇంటి పక్క వాటా అద్దెకి దొరికింది. అప్పుడు తెలిసింది, ఆయన భార్య మరెవరో కాదు, మిషను టీచర్ల ట్రైనింగు స్కూలు హాస్టల్లో నా పక్క మంచం పిల్లేనని. నాకన్నా కొంచెం చిన్నది. ట్రైనింగు అయ్యాక నాకొక మూల, తనకొక మూల ఉద్యోగాలు వచ్చాయి. పెళ్ళయిందని విన్నాను, పాప పుట్టిందని విన్నాను, పాప పాకుతూండగానే తను జ్వరమొచ్చి పోయిందనీ విన్నాను. ఒక్కదానికీ వెళ్ళడం కుదరలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు మాస్టారు, ఆయన తల్లి, ఆ పాప ఉన్నారు.

మొదటిరోజు కాఫీకి పిలిచారు. హాల్లో గోడమీద పెద్ద ఫోటో ఒకటి ఉంది. గుండ్రటి మొహం, చారడేసి కళ్ళు, దిద్దినట్టున్న పెదాలు. నుదుటి మధ్య మాత్రం తెల్లగా ఒక గరుకు మచ్చ. మర్యాదకి అడిగాను, "మీ అక్కగారా మాస్టారూ?" అని.

"కాదండి, వదినగారూ" అన్నారు. భార్య స్నేహితురాలిని, పైగా ఆవిడకన్నా పెద్దదాన్ని కాబట్టి ఆ పూటే నన్ను వరస పెట్టేశారు. "ఆవిడేనండి. మీ ఫ్రెండే."

నేను మళ్ళీ చూశాను. ఎంత చూసినా నా పక్క మంచం పిల్ల అందులో లేదు. కాఫీ బాగుందని ఏదో అన్నాను. ఆయన నా మొహంలోకే చూస్తున్నారు. ఆయన తల్లిగారు గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆ కాలం వాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు గాని, ఇప్పటి పిల్లలకి చెప్పాలి. చిన్న ఫోటోలోని మొహాన్ని పెద్దది చేస్తే అలికేసినట్టు అవుతుంది. స్టూడియోవాళ్ళు దాన్ని బ్రష్షుతో దిద్దేవారు. దాన్ని ఫినిషింగు అనేవారు. దిద్దేవాడి చెయ్యి ఒకే మొహానికి అలవాటు పడిపోయి ఉంటుంది. అందుకే కోనసీమలో ఎవరింటి గోడ చూసినా పోయినవాళ్ళందరూ ఒక్క తల్లి బిడ్డల్లా కనిపించేవారు. మా స్నేహితురాలికి విడిగా ఫోటో లేదు. ట్రైనింగు స్కూలు గ్రూపు ఫోటోలో వెనక వరసలో పెసరగింజంత మొహం, అదే. ఆవిడ పోయినప్పుడు దాన్ని అమలాపురంలో ఒక స్టూడియోకి ఇచ్చారు. ఆ దిద్దినాయన అలవాటు కొద్దీ కళ్ళు పెద్దవి చేసి, ముక్కు సన్నం చేసి, నుదుటిమీద ఇంత బొట్టు కూడా పెట్టేశాడు. వీళ్ళు క్రైస్తవులు, ఆవిడ బొట్టు ఎరగదు. ఆ ఫోటో సరిగ్గా ఆదరణ కూడిక, అదే సంతాప ప్రార్థన, మొదలయ్యే వేళకి వచ్చింది. పాస్టరుగారు గుమ్మంలో ఉన్నారు, బంధువులు చాపల మీద కూర్చుని ఉన్నారు. తిప్పి పంపే వ్యవధి లేదు. ఎవరో గడ్డం బ్లేడు తెచ్చి ఆ బొట్టు గీకేశారు. రంగుతోపాటు కాగితం పొరా లేచిపోయింది. దానిమీద అద్దం బిగించి గోడకి తగిలించారు, అంతే.

పాపకి ఊహ తెలిసేసరికి గోడమీద అమ్మ ఉంది, అమ్మ నుదుటిమీద మచ్చ ఉంది. నా క్లాసులోకి వచ్చిన ఏడాది ఒకరోజు పిల్లల్ని వాళ్ళ వాళ్ళ అమ్మల గురించి చెప్పమన్నాను. ఈ పిల్ల లేచి చేతులు కట్టుకుని చెప్పింది. "మా అమ్మకి నుదుటిమీద తెల్లమచ్చ ఉండేదండి. దేవుడు ముద్దు పెట్టుకున్న చోటంటండి. మా నానమ్మ చెప్పిందండి." క్లాసులో ఎవరూ నవ్వలేదు. నేనే బోర్డు వైపు తిరిగి ఏదో రాసినట్టు నటించాను. సాయంత్రం మాస్టారికి చెబితే, "బాగా చెప్పిందాండి?" అని మాత్రం అడిగారు.

ఆ ఏడే ఆయన కెమెరా కొన్నారు. నేను ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

కెమెరా అంటే ఏ పాటిది? ఎవరో వాడి వదిలేసిన డబ్బా కెమెరా. ఎదురుగా మనిషిని నిలబెట్టి తియ్యడానికి పనికొస్తుంది, అంతకన్నా దగ్గరికి వెళితే అంతా మసక. మాస్టారికేమో చీమ మొహం కావాలి. దగ్గర్నించి తీసే లెన్సులు మద్రాసులో దొరుకుతాయట, మా జీతాలకి వాటి పేరెత్తడం కూడా దండగ. ఆయన పోయిన తండ్రిగారి చత్వారం కళ్ళద్దాలు బయటికి తీసి, ఒక అద్దం ఊడదీసి, దెబ్బలకి వేసే ప్లాస్టరుతో కెమెరా మూతికి అంటించారు. అంటించి రీలు మొత్తం ఖర్చు చేసేశారు. ఏ ఫోటోలోనూ చీమ లేదు. ఆరుద్రపురుగుని తీశానని ఒకటి చూపించారు. "ఎర్రటి ముఖమలు పురుగుని పట్టుకెళ్ళి బొగ్గుముక్క తెచ్చేరేంటి మాస్టారూ" అన్నాను. "రంగు మన చేతిలో లేదండి, మసక వదిలించడం మాత్రం మన చేతిలో ఉందండి" అన్నారు.

దారపుండ అందుకే. డబ్బా వెనక మూత తీసి, రీలు ఉండే చోట నూనె రాసిన పల్చటి కాగితం పరిచేవారు. ముందువైపు షట్టరు తెరిచి పట్టి, తలమీద దుప్పటి కప్పుకుని ఆ కాగితంలోకి చూసేవారు. కెమెరాని ఆకు దగ్గరికి జరుపుతూ దూరం తీస్తూ ఉంటే ఒకచోట ఆకు ఈనెలు ఆ కాగితం మీద తలకిందులుగా తేటగా కనిపిస్తాయి. ఆ దూరానికి దారం లాగి ముడి వేసేవారు. ఒక అద్దమైతే మూరకి కొంచెం తక్కువ. రెండో అద్దం కూడా అంటిస్తే జానెడు. ఇంక రీలు పెట్టాక లోపలికి చూసే పని లేదు, దారం బిగిస్తే చాలు. "ముందు దూరం కొలవండి, తరవాత చూడండి" అని పిల్లలకి చెప్పేవారు. దూరాన్ని చూసి అంచనా కట్టడం ఆయనకి పాపంతో సమానం.

చలికాలం పొద్దున్నే కాలవగట్టుకి వెళ్ళేవారు. అప్పుడు తూనీగలు రెక్కలమీద మంచుతో గడ్డిపరకలు పట్టుకుని కదలకుండా ఉంటాయట. ఎండెక్కితే మన మాట వినవు. పురుగుని చంపి గుండుసూది గుచ్చి తియ్యడం ఆయనకి పడదు. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని, షేవింగు అద్దం పట్టుకుని తూనీగ మీదకి వెలుగు కొట్టడానికి. కెమెరా కింద ఇటుక, ఇటుక మీద ఊక నింపిన చిన్న సంచి. ఆయన గట్టుమీద బోర్లా పడుకునేవారు. పాలు పట్టుకెళ్ళే ఆడవాళ్ళు "మేస్టారికేమైందండీ, కళ్ళు తిరిగేయా?" అని కంగారుపడి ఆగేవారు. "ఆయ్, బాగానే ఉన్నానండి, మీరు నీడ పడకుండా కాస్త ఇటునించి వెళ్ళండి" అని నేలమీదనించే జవాబు చెప్పేవారు. దగ్గరికి వెళ్ళడం తేలికేనండీ, అక్కడ కదలకుండా ఉండడమే కష్టం, అన్నది ఆ గట్టుమీద విన్న మాటే. నేను కదిలిపోయి అద్దం వెలుగు జారిపోయినప్పుడల్లా అనేవారు.

కొన్నాళ్ళకి అమలాపురంలో ఒక స్టూడియో మూసేస్తుంటే లెన్సు ఊడివచ్చే పాత కెమెరా ఒకటి చౌకగా దొరికింది. దాంతో ఆయన చేసిన పని చూసి మా హెడ్మాస్టరుగారు కూడా నోరు తెరిచారు. టాల్కం పౌడరు డబ్బా అడుగు కోసేసి, లోపల దీపం మసి పూసి, ఒక చివర లెన్సు, ఒక చివర కెమెరా బిగించారు. లెన్సు ఎంత ముందుకి వెళితే అంత చిన్న వస్తువు అంత పెద్దగా పడుతుందట. గొట్టం పొడుగయ్యేకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఊపిరి బిగపట్టి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ డబ్బాతో తీసిన చీమ మొహం బడి నోటీసు బోర్డు మీద పెట్టారు. మీసాలు, దవడలు, కన్నులో చిన్న చిన్న గదులు. పిల్లలు విరగబడి చూశారు. ఆయన మాత్రం ఫోటో వైపు చూడకుండా నా వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ వారంలోనే ఆదివారం ప్రార్థన గుడినించి వచ్చి, మధ్యాహ్నం వర్షంలో మా వాటాకి వచ్చారు. చంకలో తువ్వాలు చుట్టిన ఫ్రేము ఉంది. ట్రైనింగు స్కూలు గ్రూపు ఫోటో. నా కాపీ ఎప్పుడో చెదలు తినేశాయి.

"వదినగారూ, ఒక మాటండి. నవ్వకండి" అన్నారు. నేను నవ్వే స్థితిలో లేను, ఆయన మొహం అలా ఉంది. "ఆవిడ మొహం నాకు గుర్తు రావట్లేదండి. కళ్ళు మూసుకుంటే ఆ గోడమీద బొమ్మే వస్తోంది. మేం కాపరం చేసింది ఎన్నాళ్ళండీ? చాలా ఏళ్ళుగా ఆ బొమ్మనే చూస్తన్నాను. మీరు మొదటిరోజు అక్కగారా అని అడిగేరు చూడండి, అప్పటిదాకా నాకూ తెలియలేదు."

గ్రూపు ఫోటో మళ్ళీ స్టూడియోకి ఎందుకివ్వలేదో కూడా చెప్పారు. ఇస్తే మళ్ళీ దిద్దుతారు. పైగా ఇన్నేళ్ళ చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, లాగితే మొహం అద్దంతో వచ్చేస్తుంది. ఉన్నది అదొక్కటే. "ముందే దీనిమీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాల్లేదండి. చీమ మొహం తియ్యగలిగితే ఆవిడ మొహం తియ్యలేనా అనుకున్నాను" అన్నారు. ఇన్నేళ్ళ తూనీగలూ, మిడతలూ, ఆ బురదలో పడుకోవడాలూ దేనికో నాకు అప్పుడు తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సెలవురోజు చూసుకుని వరండాలో మొదలుపెట్టాం. అద్దం మీద మా నీడలే పడి ఫోటో కనిపించదు. అందుకని కెమెరా వెనక నన్ను నల్లగొడుగు విప్పి నిలబడమన్నారు. ఇంటి కప్పు కింద గొడుగు విప్పడమేంటని పెద్దావిడ లోపలినించి కేకలేశారు. ఎండ ఏటవాలుగా వచ్చేలా ఫ్రేముని గోడకి ఆనించి, దారం బిగించి, ఆయన ఊపిరి బిగపట్టారు. నేనూ బిగపట్టాను. పౌడరు డబ్బా పొడుగు మార్చి మార్చి తీశారు. రీలు స్కూలు లాబులో ఆయనే కడిగారు. పెద్దవి చెయ్యడానికి మాత్రం రాజోలు స్టూడియోకి వెళ్ళక తప్పలేదు. అక్కడ ఆ అబ్బాయికి దణ్ణం పెట్టారు. "బాబూ, ఎలా ఉంటే అలాగే ఇవ్వండి. దయచేసి బ్రష్షు పట్టకండి." "ఫినిషింగు లేకుండా ఎవరు తీసుకుంటారండీ?" అని ఆ అబ్బాయి ఆశ్చర్యపోయాడు.

ఫోటోలు మా వాటాకే తెచ్చి బల్లమీద పరిచారు. మరీ దగ్గరికి వెళ్ళి తీసిన వాటిలో మొహమే లేదు, నల్లచుక్కలూ తెల్లచుక్కలూ. దూరంనించి తీసింది మరీ చిన్నది. మధ్యలో ఒకటుంది, పోస్టుకార్డులో సగం. కుడికన్ను ఎడమదానికన్నా ఒకింత చిన్నది. చుబుకం కొంచెం పక్కకి. పెదాలు విడివడి, ముందు పళ్ళ మధ్య సందు కనిపిస్తోంది, నవ్వబోతున్నట్టు. నుదురు నున్నగా ఉంది.

"ఇదే మాస్టారూ" అన్నాను. "ఇదే. మన పిల్ల ఇదే."

ఆయన ఆ ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "ఆయ్" అన్నారు. కొంచెం ఆగి, "మీరు చెప్పేరు గాబట్టి నమ్ముతున్నానండి. నాకు తెలియలేదు" అన్నారు. ఏ సంబంధమూ లేని మనిషిని చూస్తున్నట్టే చూశారు. తన భార్యని తాను పోల్చుకోలేక ఒక మగవాడు ఏడవడం నేను ఆ ఒక్కసారే చూశాను. నాకు ఓదార్చడం చేతకాదు. మంచినీళ్ళు తెచ్చి పెట్టి, పక్కన కూర్చున్నాను.

ఆ పిల్ల అప్పటికి పెద్దదై ఊరు విడిచి నర్సింగు చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు చూపిద్దామని ఆయన ఎదురుచూశారు. చూపించిన పూట నేనూ అక్కడే ఉన్నాను. ఆ పిల్ల ఫోటో తీసుకుని మర్యాదగా చూసింది.

"ఎవరండీ నాన్నగారూ ఈవిడ?"

ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ పిల్ల మళ్ళీ చూసి, "కాస్త అమ్మలా ఉంది కదండీ? కాకపోతే అమ్మంత బావులేదు. మచ్చా లేదు" అంది. అని తల తిప్పి గోడవైపు చూసింది. రోజూ పడుకోబోయే ముందు ఆ పిల్ల ప్రార్థన చేసుకునేది ఆ గోడ ఎదురుగానే. ఆ చూపులో ఉన్న ప్రేమ నేను చూశాను, ఆయనా చూశారు.

"మీ అమ్మ ఫ్రెండమ్మా" అన్నారు మాస్టారు. "ట్రైనింగులో ఫ్రెండు."

నేను ఉలిక్కిపడ్డాను. ఆయన నావైపు చూడలేదు. ఫోటో తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ పిల్ల తిరిగి వెళ్ళిపోయాక గట్టిగా అడిగాను, ఇన్నేళ్ళు బురదలో దొర్లింది దీనికేనా అని. "ఒకసారి తల్లి పోయిందండి ఆ పిల్లకి. రెండోసారి నా చేత్తో తీసెయ్యమంటారా?" అన్నారు. ఆ తరవాత ఆయన పౌడరు డబ్బా కెమెరాని బడికి ఇచ్చేశారు. పిల్లలకి నేర్పడం మానలేదు గాని, తాను ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. నత్తల్ని మాత్రం గట్టుమీద పెడుతూనే ఉన్నారు.

నాకు కొత్తపేట బదిలీ అయినప్పుడు బస్సుదాకా వచ్చి సాగనంపుతూ ఒక మాట అన్నారు. "వదినగారూ, ఆ మొహం తెలిసింది ఇప్పుడు మీకొక్కరికే. నేనున్నన్నాళ్ళూ చెప్పకండి. తరవాత మీ ఇష్టం." ఆ తరవాత అనేది ఎప్పుడో వస్తుందని నేనెప్పుడూ ఆలోచించుకోలేదు.

నేను వెళ్ళేసరికి ఇంటిముందు షామియానా వేశారు. పెద్దావిడ ఎప్పుడో పోయారు. ఆయన్ని హాల్లో, ఆ ఫోటో కిందే పడుకోబెట్టారు. అప్పుడు కూడా పక్కకి కొంచెం వంగి, నేలవైపు చూస్తున్నట్టే ఉన్నారు. బయట ఆడవాళ్ళు కీర్తన పాడుతున్నారు. ఆ పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, మలికిపురంలో నర్సు, నన్ను చూసి చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. నాన్నగారికి వెయ్యడానికి కోటు తియ్యాలట. పెట్టె తెరిచింది. కోటు కింద, తెల్ల రుమాల్లో, సగం పోస్టుకార్డంత ఫోటో ఉంది. అంచులు చేతివేళ్ళకి అరిగిపోయాయి.

ఆ పిల్ల దాన్ని చూసి గది తలుపు దగ్గరగా వేసింది.

"పెద్దమ్మగారూ, మీరు కోప్పడకూడదండి. ఈవిడ అమ్మ ఫ్రెండు కదండీ. అమ్మ ఫోటో ఒక్కటీ నాన్నగారు పెట్టెలో పెట్టుకోలేదు. ఈవిడది పెట్టుకున్నారు. అంచులు చూడండి. నేను నర్సునండి, పెళ్ళయినదాన్ని, నాకు చెప్పొచ్చు. నాన్నగారికి ఈవిడంటే..." ఆపైన అనలేకపోయింది.

ఆ మహానుభావుడు కూతురికి తల్లిని మిగల్చడానికి ఒక అబద్ధమాడితే, అది ఇప్పుడు ఆయన్నే కాటు వేస్తోంది. ఇంకో గంటలో సమాధుల దొడ్డికి తీసుకెళతారు. తండ్రి మీద ఆ అనుమానంతో ఆ పిల్ల ఆయన మీద మట్టి వెయ్యకూడదు. ఇష్టమో కష్టమో ఆలోచించుకునే వ్యవధి నాకు లేదు.

చెప్పాను. స్టూడియో, బొట్టు, బ్లేడు, చీమలు, నల్లగొడుగు, అన్నీ. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, కుదరలేదు. ఆ పిల్ల పెట్టె అంచు పట్టుకుని నేలమీద కూర్చుంది.

"మరి దేవుడు ముద్దు పెట్టుకున్నదండీ?" అంది. అంత పెద్దది, అప్పటి నా క్లాసు పిల్లలా అడిగింది.

"మీ నానమ్మ చెప్పింది తల్లీ. ఆవిడకీ ఏం చెప్పాలో తెలియక."

బయట కీర్తన అయిపోయి ఇంకోటి ఎత్తుకున్నారు. తరవాత ఆ పిల్ల ఫోటోని మోకాలిమీద పెట్టుకుని, దానిమీదకి వంగి, వేలితో పెదాల దగ్గర చూపించింది.

"నవ్వుతోందేంటండీ? గ్రూపు ఫోటోలో ఎవరూ నవ్వరు కదండీ."

"నేను పక్కనే ఉన్నాను. ఫోటో తీసేవాడు గుడ్డలో తల పెట్టగానే దాని చెవిలో ఏదో అన్నాను. ఆపుకోలేకపోయింది."

"ఏమన్నారండీ?" ఆ కళ్ళు ఒక్కసారి నావైపు లేచాయి. కుడిది ఒకింత చిన్నది. ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. "అమ్మతో ఏమన్నారండీ పెద్దమ్మగారూ?"

నాకు గుర్తు లేదు. ఆ ఉదయం ఎండ గుర్తుంది, బెంచీ చెక్క గుచ్చుకోవడం గుర్తుంది, దాని కొబ్బరినూనె జడ వాసన గుర్తుంది. అన్న మాట ఒక్కటే లేదు. ఎంత తడిమినా రాలేదు. ఒక పోకిరీ మాటేదో కల్పించి చెప్పడం నాకు ఒక్క క్షణం పని. ఈ ఇంట్లో ఆ పని ఇదివరకే చాలామంది చేశారు. తల అడ్డంగా ఊపాను.

ఆ పిల్ల లేచింది. హాల్లోంచి ఎవరో కోటు తెమ్మని పిలుస్తున్నారు. తండ్రి కోటు ఒక చేతిమీద వేసుకుని, గోడ బీరువా అద్దం ముందు నిలబడింది. ఫోటోని తన చెంపకి ఆనించి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో, అందులో ఎలా ఉందో అలా, మెల్లగా పెదాలు విడదీసి చూసుకుంది.